పుట్టింటి పేరున్న గుడ్డ: అయిదు మీటర్ల మడపోలం

గుడ్డ బాగానే ఉందండి. నా గొడవంతా దాని కింద రాసిన రాతతోనే.

నేను నరసాపురంలో ముప్ఫై ఏళ్ల పైనుంచీ జాకెట్లు, లంగాలు, చంటిపిల్లల జుబ్బాలు కుడుతున్నాను. హైదరాబాద్‌లో ఉండే మా అమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. "అమ్మా, జుబ్బాలకి మెత్తటి కాటన్ ఒకటి దొరికింది, పంపిస్తున్నా చూడు" అని ఫోన్లోనే ఆర్డరు పెట్టేసింది. మీటరు 189 రూపాయల లెక్కన అయిదు మీటర్లకి 945, డెలివరీకి 60, వెరసి 1005. నాలుగో రోజు పార్సిల్ వచ్చింది. పైన చీటీ మీద "మడపోలం కాటన్, తెలుపు" అని ఉంది. ఇన్నేళ్లలో పాప్లిన్, లాంగ్‌క్లాత్, టు బై టు, మల్లు, అన్నీ కోశాను గానీ ఈ పేరు నేను వినలేదు.

సరే అని అమ్మకందారు ఏం రాశాడో ఫోన్లో చదివాను. "ఫ్రాన్స్‌లోని ఒక పల్లెలో పుట్టిన సంప్రదాయ ఫ్రెంచి వస్త్రం" అట. ఆ ముక్క పైకి చదివేసరికి అరుగు మీద పేపరు చూస్తున్న మా మావగారు తలెత్తారు. ఆయన సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఎనభై రెండేళ్లు. చెవి కొంచెం మందం గానీ ఇలాంటివి మాత్రం బాగా వినపడతాయి.

"ఫ్రాన్సేంటమ్మాయ్? అది మాధవాయపాలెం. నీ పుట్టిల్లు."

వేళాకోళం అనుకున్నాను. మా నాన్నగారి ఇల్లు మాధవాయపాలెంలో, గోదావరి దాటించి సఖినేటిపల్లి వెళ్లే పంటు (బల్లకట్టు) ఆగే రేవుకి దగ్గర్లోనే. నేను పుట్టి పెరిగింది అక్కడే. మా ఊళ్లో కొబ్బరికాయలు తెలుసు, చేపలు తెలుసు, పంటు తప్పిపోతే గంట ఎదురుచూడ్డం తెలుసు. మా ఊరి పేరుతో గుడ్డ ఉందనీ, ఆ పేరు ఇంగ్లీషు నిఘంటువుల్లో కూడా ఉందనీ యాభై నాలుగేళ్లు వచ్చేదాకా నాకు ఎవరూ చెప్పలేదు. మావగారు మూడు సాయంత్రాలు కూర్చుని చెప్పారు. అది కింద రాస్తాను. తొందరలో ఉన్నవాళ్లకి ముందు గుడ్డ సంగతి.

టేపు పెట్టి కొలిస్తే 4 మీటర్ల 82 సెంటీమీటర్లు వచ్చింది. 18 సెంటీమీటర్లు తక్కువ. లెక్కేస్తే 34 రూపాయల గుడ్డ. కత్తిరించేటప్పుడు చెయ్యి జారిందనుకోవచ్చు గానీ మా వృత్తిలో చెయ్యి జారితే ఎప్పుడూ ఎక్కువ వైపే జారాలి. పన్నా 58 అంగుళాలు అన్నారు, 57న్నర ఉంది. అది పెద్ద లెక్కలోది కాదు.

అంచులో నాలుగు పోగులు లాగి అగ్గిపుల్ల పెట్టాను. కాగితం కాలిన వాసన వచ్చింది, బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోయింది, ముద్ద కట్టలేదు. అంటే నిఖార్సయిన నూలే, పాలిస్టర్ కలవలేదు. చల్లనీళ్లలో నానబెడితే నీళ్లు కాస్త తెల్లబడ్డాయి. గంజి ఉంది గానీ చవకరకం లైనింగు గుడ్డల్లా గంజి వదిలాక దోమతెర అయిపోలేదు. రెండు ఉతుకులకి ఇంకా మెత్తబడింది. వెలుతురుకి పట్టుకుని చూస్తే నేత ఒత్తుగా, ఎక్కడా ముడులు లేకుండా ఉంది. సన్నసూది పెట్టాలి, లావుసూది పెడితే చిల్లు కనపడుతుంది.

ఇక అసలు పరీక్ష. ఈ గుడ్డ గొప్పతనం పడుగు, పేక రెండూ ఒకే తీరుగా ఉండడమట. నిలువుకీ అడ్డానికీ సమానంగా కుంచించుకుంటుందని రాశారు. ఇరవై అంగుళాల చదరం కోసి, నానబెట్టి, నీడలో ఆరేసి కొలిచాను. నిలువు 19 పావు, అడ్డం 19న్నర. పూర్తిగా సమానం కాదు గానీ, మామూలు పాప్లిన్ అయితే నిలువున అంగుళం లాగేసి అడ్డాన కదలకుండా కూర్చుంటుంది. దానితో చూస్తే ఇది మర్యాదస్తురాలే. లంగా కుట్టినా, జుబ్బా కుట్టినా ఉతికాక ఓ పక్కకి పీక్కుపోదు.

ఈ సమానంగా లాగే గుణం వల్లే దీన్ని విమానాలకి వాడారని మావగారు చెబితే నోరు తెరిచాను. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌వాళ్లకి డి హావిలాండ్ మస్కిటో అని చెక్కతో చేసిన యుద్ధవిమానం ఉండేది. దాని చెక్క ఒంటికి మడపోలం అతికించి, పైన డోప్ అని వార్నిష్ లాంటిది పూసేవారట. గుడ్డ అన్ని వైపులా ఒకేలా పీల్చుకుని, ఒకేలా బిగుసుకుంటుంది కనక. మస్కిటో అంటే దోమ. మా ఊరి పేరున్న గుడ్డ తీసుకెళ్లి దోమకే చుట్టారంటే, ఆరున్నర దాటితే మా వీధిలో కూర్చోవడం ఎలా ఉంటుందో వాళ్లకి ఎవరో చెప్పే ఉంటారు.

ఇప్పుడు ఊరి పేరు గుడ్డకి ఎలా ఎక్కిందో చెబుతాను. మావగారు చెప్పిన వరసలో కాదు, నాకు అర్థమైన వరసలో.

1600 డిసెంబరు 31న ఇంగ్లండు రాణి ఎలిజబెత్ లండన్ వర్తకులు 218 మందికి ఓ పట్టా రాసిచ్చింది. తూర్పు దేశాలతో వ్యాపారం పదిహేనేళ్లు మీరే చెయ్యాలి, మా దేశంలో ఇంకొకడు చెయ్యకూడదు అని. అదే ఈస్టిండియా కంపెనీ. నాకిది వెంటనే అర్థమైంది, ఎందుకంటే మా రేవు వేలంపాట కూడా అంతే. పాట పాడుకున్నవాడిదే పంటు, ఇంకొకడు జనాన్ని దాటించకూడదు. కాకపోతే మా పాట ఓ రేవుకి. వాళ్లది సముద్రం మొత్తానికి.

1601లో జేమ్స్ లాంకాస్టర్ అనే ఆయన ఓడలు తీసుకుని బయల్దేరాడు. మనకోసం కాదండి, మిరియాల కోసం. సుమత్రా, జావా దీవులకి. అక్కడ అమ్ముదామనుకున్న ఇంగ్లండు సరుకులో ఉన్నిబట్ట ముఖ్యం. ఆ ఉక్కలో ఉన్నిబట్ట ఎవడు కట్టుకుంటాడు? దారిలో మలక్కా జలసంధిలో వాళ్లు ఓ పోర్చుగీసు ఓడని పట్టుకుని దోచారు. దాన్నిండా మన తీరం నుంచి వెళ్లిన నూలుబట్టలే. ఆ దీవులవాళ్లు మిరియాలిచ్చి కొనేది వెండి కంటే, ఉన్ని కంటే, ఈ బట్టలేనని వాళ్లకి బుర్రకెక్కింది. మిరియాలు కావాలంటే ముందు బట్ట కావాలి, బట్ట కావాలంటే ఇక్కడికి రావాలి. మా మావగారు ఇది చెప్పి చేతులు తిప్పారు, "చూశావా, మనం వాళ్లకి గమ్యం కాదు, చిల్లర మార్చుకునే కొట్టు" అని. అలా 1611లో గ్లోబ్ అనే ఓడ మచిలీపట్నం వచ్చింది. కొన్నాళ్ల తర్వాత ఆ ఓడే మరమ్మతులకి మా నరసాపురం వచ్చిందట. గోదావరి మీద టేకు దుంగలు దిగేవి, ఓడపని తెలిసిన వడ్రంగులు ఇక్కడ ఉండేవారు.

1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా వాళ్లకి బంగారు ఫర్మానా అని ఒకటి ఇచ్చాడు. ఏడాదికి 500 వరహాలు కడితే ఆయన రేవుల్లో సుంకం లేకుండా వ్యాపారం చేసుకోవచ్చు. ఆ తర్వాత రెండేళ్లకి వీరవాసరంలో ఫ్యాక్టరీ పెట్టారు. భీమవరం బస్సులో ఎన్నిసార్లు వీరవాసరం దాటి ఉంటానో, ఒక్కసారైనా ఎవరైనా చెప్పారా! ఆ తర్వాత మా మాధవాయపాలెంలో పెట్టారు. వాళ్ల నోటికి మాధవాయపాలెం తిరగలేదు, మడపోలం అయింది. మద్రాసు గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ 1679లో మచిలీపట్నంతోపాటు మా ఊళ్లో కంపెనీ లెక్కలు కూడా చూడ్డానికి వచ్చాడు. మా నాన్నగారి ఇంటి దారిన పల్లకి వెళ్తున్నట్టు ఊహించుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఫ్యాక్టరీ అంటే నేను పొగగొట్టం, మిషన్లు అనుకున్నాను. కాదట. ఫ్యాక్టర్ అంటే కంపెనీ గుమాస్తా లాంటివాడు, వాడుండే ఇల్లూ గోడౌనూ కలిపి ఫ్యాక్టరీ. అక్కడ నూలు వడకరు, బట్ట నెయ్యరు. కొంటారు, కొలుస్తారు, మూట కడతారు. అందులో చిన్న ఉద్యోగి రైటరు, జీతం ఏడాదికి 10 పౌన్లు. ఫ్యాక్టరుకి 20. దానితో ఎవడూ బతకలేడు కనక ప్రతివాడూ లోపాయికారీగా సొంత వ్యాపారం చేసేవాడు. ఇది వినగానే మా వీధిలో ఒకరిద్దరు ఉద్యోగస్తులు గుర్తొచ్చారు, పేర్లు వద్దులెండి.

కొలిచేవారన్నాను కదా, అక్కడే నాకు ఆసక్తి. బట్ట నాణ్యాన్ని పుంజాల్లో చెప్పేవారట. ఒక పుంజం అంటే పడుగులో 120 పోగులు. పద్నాలుగు పుంజాల బట్ట అంటే అడ్డంగా 1680 పోగులన్నమాట. పన్నా అంతే ఉండి పుంజాలు పెరిగితే నేత ఒత్తు. ఇప్పుడు ఫోన్లో పెద్ద కనుగొన్నట్టు "థ్రెడ్ కౌంట్" అని రాస్తారే, ఆ లెక్క మన నేతగాళ్ల నోట్లో ఎప్పటినుంచో ఉంది. పొడుగు తగ్గినా, పుంజం తగ్గినా కంపెనీవాళ్లు మూట విప్పి రకం దించేసి ధర కోసేవారు. నాకు జానెడుకి కాస్త తక్కువ గుడ్డ ఎగ్గొట్టినవాడి ధర ఎవరు కోస్తారో చెప్పండి.

ఇంకో సంగతి నన్ను బాగా పట్టుకుంది. కంపెనీ నేతగాడికి ముందే డబ్బు ఇచ్చేది, నూలు కొనుక్కోమని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ డబ్బు తీసుకున్నవాడు బట్టని ఇంకెవరికీ అమ్మకూడదు. ధర వాళ్లే కడతారు. బట్ట ఆలస్యమైతే బాకీ, బాకీ తీరకపోతే మళ్లీ అడ్వాన్సు, మళ్లీ బాకీ. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ లేసు అల్లేవారు. ఏజెంటు దారం బంతులు ఇచ్చి వెళ్లేవాడు, అల్లింది తూకం వేసి తీసుకుని ముక్కకి ఇంత అని చేతిలో పెట్టేవాడు. తను అల్లిన టేబుల్‌క్లాతు ఏ దేశం వెళ్లిందో, అక్కడ ఎంతకి అమ్ముడైందో ఆవిడకి పోయేదాకా తెలీదు. మావగారు నేతగాళ్ల సంగతి చెబుతూ మధ్యలో ఆగి, గోడ మీద ఆవిడ ఫొటో వైపు ఒకసారి చూసి, కాఫీ అడిగారు.

ఇంగ్లీషువాళ్లొక్కరే కాదు. నరసాపురంలో వలందర రేవు అందరికీ తెలుసు, పుష్కరాలకి స్నానం చేసినవాళ్లు ఉంటారు. వలందులు అంటే హాలండ్‌వాళ్లు, అదే డచ్‌వాళ్లు. వాళ్ల కంపెనీ 1602లో పుట్టింది. ఇంగ్లీషు కంపెనీ కంటే డబ్బులో చాలా పెద్దది. వాళ్ల ఫ్యాక్టరీలు పాలకొల్లులో, ద్రాక్షారామంలో, కాకినాడ జగన్నాథపురంలో కూడా ఉండేవి. పాలకొల్లులో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1612లో వాళ్ల పెద్దమనిషి హెండ్రిక్ బ్రౌవర్ మన కోరమాండల్ తీరాన్ని మొలుక్కా దీవులకి ఎడమచెయ్యి అన్నాడట. మన బట్ట లేకపోతే అక్కడ లవంగం, జాజికాయ దొరకవు మరి. ఆ జాజికాయ కోసమే వాళ్ల గవర్నరు కూన్ 1621లో బందా దీవుల మీద పడితే, పదిహేను వేలమంది దాకా ఉండే దీవుల్లో వెయ్యిమంది మిగిలారు. మన తీరంలో కరువొచ్చినప్పుడల్లా ఆకలికి అమ్ముడుపోయిన మనుషుల్ని కొని బటావియాకి (ఇప్పటి జకార్తా) ఓడల్లో పంపిందీ వాళ్లే. ఆ రోజు రాత్రి పలావులో జాపత్రి వెయ్యబుద్ధి కాలేదు. తర్వాతి ఆదివారం వేశాను లెండి, పిల్లలు ఊరుకోరు. డచ్‌వాళ్లు చివరికి 1824లో లండన్‌లో చేసుకున్న ఒప్పందం ప్రకారం, మరుసటి ఏడాది ఇక్కడివన్నీ ఇంగ్లీషువాళ్లకి అప్పగించి వెళ్లిపోయారు. రేవు పేరు మాత్రం ఇక్కడే వదిలేశారు.

ఫ్రెంచివాళ్ల ముచ్చట తీర్చుకోవాలంటే యానాం ఉంది, ఆ ఊరి పేరు పెట్టుకోమనండి ఏ గుడ్డకైనా. మా ఊరి పేరు వాళ్లూ మిగతా యూరపువాళ్లూ తర్వాత ఎరువు తెచ్చుకున్నారు. ఎరువు తెచ్చుకున్న నగ సొంతం అయిపోదు కదండీ.

మన బట్ట లండన్ చేరాక అక్కడ ఆడవాళ్లు ఎగబడ్డారు. మెత్తగా ఉంటుంది, ఉతికితే రంగు పోదు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల కడుపు మాడింది. 1719లో లండన్ వీధుల్లో నూలు గౌను కట్టుకున్న ఆడవాళ్లని పట్టుకుని బట్టలు చించేశారట, సిరా, తేజాబు (యాసిడ్) చల్లారట. దర్జీదాన్ని కాబట్టి చెబుతున్నాను, అది విన్నప్పుడు నా చేతిలో కత్తెర కింద పెట్టేశాను. 1721లో అచ్చు బట్టలు కట్టుకోకూడదని చట్టమే తెచ్చారు. వాళ్ల నేతగాళ్లని కాపాడుకోవడానికి చట్టం ఉంది. మన నేతగాళ్లకి ఏముందో మావగారిని అడిగితే, "అడ్వాన్సు ఉంది" అన్నారు.

తర్వాతది చాలామందికి తెలిసిందే. కంపెనీ వర్తకం మానేసి రాజ్యం పట్టింది, 1760ల్లో ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, వాళ్ల చేతికొచ్చాయి. ఇంగ్లండులోని లాంకషైర్‌లో బట్టల మిల్లులు లేచాయి. 1813లో మన దేశంతో వ్యాపారం మీద కంపెనీ గుత్తహక్కు పోయింది, 1833 చట్టంతో వ్యాపారమే మానేసింది, 1874లో కంపెనీయే లేకుండా పోయింది. ఈలోపు మిల్లులవాళ్లు తెల్లబట్ట మిషన్ల మీద నేసి దానికి మడపోలం అని మన పేరే పెట్టి, ఓడలకెక్కించి దేశదేశాలకీ, మనకి కూడా అమ్మారు. మాధవాయపాలెం మగ్గాలు ఆగిపోయాయి, మాధవాయపాలెం గుడ్డ మాత్రం ఆగలేదు. కంపెనీ ఇల్లున్న చోటు చాలామటుకు వశిష్ఠ గోదావరి కోసేసిందని పెద్దవాళ్లు చెప్పుకునేవారట. మొన్న పుట్టింటికి వెళ్లినప్పుడు రేవులో నిలబడి చూశాను. పంటు మీద రెండు లారీలు, పాతిక బైకులు, ఓ మేకలమంద ఉన్నాయి. చూడ్డానికి అదే గోదావరి.

ఇవన్నీ రాసి అమ్మకందారుకి పంపాను. కొలత తక్కువొచ్చిందనీ, పేరు ఫ్రాన్స్‌ది కాదనీ, మాధవాయపాలెందనీ. రెండు రోజులకి జవాబు వచ్చింది. "మా ఫ్రెంచి నాణ్యత మీకు నచ్చినందుకు ధన్యవాదాలు" అని, తర్వాతి ఆర్డరుకి 25 రూపాయల కూపన్. నాకు రావాల్సింది 34. ఇప్పటికీ ఆ రాత మార్చలేదు.

కొనాలా వద్దా అంటే, చంటిపిల్లలకి, ముసలివాళ్లకి, ఒంటికి బట్ట రాసుకుంటే పడనివాళ్లకి కొనండి. జాకెట్టు లైనింగుకి ఇంత ధర దండగ, టు బై టు చాలు. చీర అంచుకి లేసు కుట్టేవాళ్లకి అడుగున వేసుకోవడానికి బాగుంటుంది, ముడతపడదు. రంగు వేయించుకునేవాళ్లు ముందు రెండుసార్లు ఉతికి గంజి పూర్తిగా దించండి. నక్షత్రాలు నాలుగే ఇస్తున్నాను. అయిదోది 18 సెంటీమీటర్లలో పోయింది.

నేను ఇప్పటికి కుట్టింది మావగారికి ఓ చేతిబనీను, రెండు దిండు గలీబులు మాత్రమే. బనీను వేసుకుని అద్దం ముందు నిలబడి, "మా అబ్బాయికి పెళ్లిలో పెట్టాల్సిన బట్ట మీ పుట్టింటివాళ్లు ఇప్పుడు పంపించారన్నమాట" అన్నారు. మిగిలింది ఉతికి, మడతపెట్టి, బీరువాలో పెట్టాను. మావైపు బిడ్డ పుట్టకముందే కొత్త బట్టలు కుట్టరు, అమ్మాయి ఎంత పోరుపెట్టినా నేను కత్తెర పెట్టను. పురుడొచ్చి, జుబ్బాలు కుట్టి, నాలుగు ఉతుకులు పడ్డాక ఎలా ఉన్నాయో మళ్లీ ఇక్కడే రాస్తాను.